ఎర్రరాళ్ల దారిలో పదకొండు చోట్లా? నాలుగు చాలు

అరిజోనా, యూటా రాష్ట్రాల ఎర్రరాతి ఎడారిలో నలుగురూ కలిసి ఫొటోల కోసం తిరగడం గురించి ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. నేనుండేది ఫీనిక్స్ దగ్గర. ఏటా ఎవరో ఒకరు కారు తెచ్చి ‘రా అక్కా’ అంటే ఆ దారిన పడుతుంటాను. అందుకే సంపాదకులు ఉత్తరాలన్నీ నామీదికే తోశారు. కొన్నిటిని కుదించి ఇస్తున్నాను.

ప్రశ్న: మేం ఎనిమిది మంది స్నేహితులం, అందరికీ కెమెరాలున్నాయి. అక్టోబరులో ఐదు రోజులు సెలవు పెట్టి, లాస్ వేగస్‌లో కారు తీసుకుని జయాన్, బ్రైస్, పేజ్, మాన్యుమెంట్ వ్యాలీ, మోయాబ్, గ్రాండ్ కాన్యన్ చుట్టి రావాలని ప్లాన్. మొత్తం పదకొండు లొకేషన్లు. షీట్ జతచేశాను. ఎలా ఉందో చెప్పండి అక్కా.
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: షీట్ ముచ్చటగా ఉంది బాబూ, రంగులు కూడా వేశారు. కారు ఎప్పుడు కదలాలో అందులో నిమిషాలతో సహా ఉంది. ఎండ ఎటునుంచి పడుతుందో మాత్రం లేదు. కొలరాడో నది మెలిక తిరిగే హార్స్‌షూ బెండ్‌కు మధ్యాహ్నం ఒంటిగంట, మాన్యుమెంట్ వ్యాలీకి పన్నెండున్నర రాశారు. ఆ వేళకు రాయి తెల్లబోయి ఉంటుంది, నీడ ఉండదు, మీకు ఆకలి మాత్రం ఉంటుంది.

ఈ ఎడారిలో పనికొచ్చే వెలుతురు పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట. ఐదు రోజులంటే పది పూటలు. మొదటి ఉదయం, చివరి సాయంత్రం విమానాలకు పోతాయి. మిగిలిన ఎనిమిదిలో ఒకటో రెండో మబ్బు తినేస్తుంది. ఆరు పూటల్లో పదకొండు చోట్లు ఎలా సర్దుతారు?

దూరాలు చూడండి. వేగస్ నుంచి జయాన్ రెండున్నర గంటలు. అక్కణ్నుంచి బ్రైస్ రెండు. బ్రైస్ నుంచి పేజ్ పట్టణం రెండున్నర పైనే. పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీ మరో రెండు. ఇంతవరకూ దారి ఒక వరుసలో పోతుంది. మోయాబ్ చేర్చారంటే ఇంకో మూడు గంటలు పైకి, తిరిగి వేగస్‌కు ఏడు గంటలు. చివరి రోజంతా హైవే మీదే. కాబట్టి మోయాబ్ కొట్టేయండి, గ్రాండ్ కాన్యన్ కూడా కొట్టేయండి. బాధగా ఉంటుందని తెలుసు. మోయాబ్ పక్కన కాన్యన్‌ల్యాండ్స్‌లో మెసా ఆర్చ్ అని ఒక రాతి వంపు ఉంది. సూర్యుడు లేవగానే కింది కొండగోడకు తగిలిన ఎండ పైకి ఎగజిమ్మి, ఆ వంపు అడుగుభాగం నిప్పులా వెలుగుతుంది. దానికోసం చీకటితోనే ట్రైపాడ్లు వరస కడతాయి, తిరుమల సర్వదర్శనం క్యూ లాగా. అలాంటి చోటికి అలసిపోయి వెళ్లకండి, ఇంకో ఏడాదికి ఉంచుకోండి.

ఇక మిగిలిన నాలుగు. మొదటి సాయంత్రం జయాన్‌లో వాచ్‌మన్ శిఖరం. రెండో రోజు తీరిగ్గా బ్రైస్ చేరి, అంచు వెంట నడిచి, మర్నాడు పొద్దున ఎక్కడ నిలబడాలో ముందే చూసిపెట్టుకోండి. బ్రైస్ అంచు ఎనిమిది వేల అడుగుల పైన ఉంది. అక్టోబరు తెల్లవారుజామున నీళ్లు గడ్డకట్టినా ఆశ్చర్యం లేదు, ఫ్రిస్కోలో వేసుకునే జాకెట్ చాలదు. అక్కడి రాతి స్తంభాలను మలిచింది ముఖ్యంగా ఆ చలే. పగుళ్లలోకి దిగిన నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, పగలు కరుగుతుంది, అలా ఏళ్ల తరబడి రాయి చీలుతుంది. పలచని స్తంభాల మీద సూర్యుడు పక్కనుంచో వెనకనుంచో పడితే రాయి లోపల దీపం పెట్టినట్టే ఉంటుంది. ఇక్కడ ఎక్కువ మేర పట్టే వైడ్ లెన్స్ కంటే, దూరాన్ని దగ్గరికి లాగే 70-200 లెన్స్ ఎక్కువ పని చేస్తుంది. అందరూ వైడ్ పెట్టుకుని మొత్తం లోయను బంధించాలని చూస్తారు. ఇంటికొచ్చాక అన్నీ ఒకేలా ఉంటాయి.

మూడో సాయంత్రం హార్స్‌షూ బెండ్. కొలరాడో నది మెలిక మొత్తం ఒక ఫ్రేములో పట్టాలంటే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 16 ఎంఎం వైడ్ లెన్స్ దాకా కావాలి, 24 చాలదు. కింద నది సుమారు వెయ్యి అడుగుల లోతున ఉంటుంది. కంచె కొంతమేరే ఉంది. మిగతా చోట్ల ట్రైపాడ్ కాళ్లు చూసుకుంటూ మీ కాళ్లు మరిచిపోవద్దు. సూర్యాస్తమయం ఎదురుగానే అవుతుంది కాబట్టి వెలుతురు ఎక్కువ తక్కువలుగా రెండు మూడు ఫొటోలు తీసుకుని తర్వాత కలుపుకోవాలి. నాలుగో రోజు మధ్యాహ్నం పేజ్ దగ్గరి ఇరుకు లోయ ఆంటిలోప్ కాన్యన్, సాయంత్రానికి మాన్యుమెంట్ వ్యాలీ. ఐదో పొద్దు అక్కడే చూసి బయలుదేరితే వేగస్‌కు ఆరేడు గంటలు. గడియారం వెనక్కి వెళ్తుంది కాబట్టి ఒక గంట కలిసొస్తుంది. విమానం రాత్రిదే పెట్టుకోండి.

ఎనిమిది మందికి ఒకే వ్యాన్ తీసుకోకండి. నాలుగు నాలుగుగా రెండు కార్లు మేలు, ఒకరికి కడుపు నొప్పొస్తే ఏడుగురి పొద్దు పోకూడదు కదా. లొకేషన్‌లో దిగగానే ఎవరూ ముందుకు ఉరకవద్దు. ఇసుక తిన్నె మీద ముందు ఫొటోలు, తర్వాతే అడుగులు. ఆ ఇసుక మీద నల్లగా, బుడిపెలు బుడిపెలుగా కనిపించే పొర మట్టి కాదు, ప్రాణమున్నది. నేల గాలికి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. ఒక బూటు అచ్చు మానడానికి పదుల ఏళ్లు పడుతుంది. రాతి మీదో బాట మీదో నడవండి.

ప్రశ్న: జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి వస్తున్నాం. ఆంటిలోప్ కాన్యన్‌లో పైనుంచి వెలుతురు స్తంభంలా దిగే ఫొటో తీయాలని చాలా ఏళ్ల కోరిక. ఇక్కడినుంచి మంచి ట్రైపాడ్ తెచ్చుకోమంటారా?
– కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: తెచ్చుకోవద్దండి, సూట్‌కేసులో ఆ బరువు ఆవకాయకు ఉంచండి. ఆ ఇరుకు లోయ అమెరికా మూలవాసులైన నవాహో జాతివారి భూమి. వాళ్ల గైడ్ లేకుండా లోపలికి అడుగు పెట్టనివ్వరు. ట్రైపాడ్లు, భుజాన సంచులు వద్దంటారు. ఒకప్పుడు ఫొటోగ్రాఫర్లకు వేరే టూర్లు ఉండేవి, ఇప్పుడు లేవు. జనంతో పాటు నడుస్తూ చేతిలోనే తీయాలి.

మీరు వచ్చే నెల మాత్రం సరైనది. ఆ కిరణం సుమారు మార్చి చివరినుంచి అక్టోబరు మొదలు దాకా, మిట్టమధ్యాహ్నం వేళే దిగుతుంది. మిగతా ఎడారి అంతటా మధ్యాహ్నం దండగ అంటాం కదా, ఇక్కడ తలకిందులు. ఆ లోయలో అప్పర్, లోయర్ అని రెండు భాగాలు, టికెట్ తీసుకునేటప్పుడు అప్పర్ అని చూసుకోండి. లోయర్ కూడా అందమైనదే, కానీ నిచ్చెనలు దిగాలి, మోకాళ్ల సంగతి మీకే తెలుస్తుంది.

లెన్స్ ముందే బిగించుకుని వెళ్లండి, లోపల మార్చొద్దు. పైనుంచి సన్నటి ఇసుక రాలుతూనే ఉంటుంది. మసక వెలుతురులో పనికొచ్చే ఐఎస్‌ఓ సెట్టింగును 1600 దాకా పెంచడానికి మొహమాటపడకండి. రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచితే కెమెరా ఆ ఎరుపును తప్పనుకుని చల్లార్చేస్తుంది, పగటి వెలుతురుకు పెట్టండి. పైన కనిపించే ఆకాశపు చీలికను ఫ్రేములోకి రానివ్వకండి, తెల్లమచ్చ పడి చూపంతా అటే పోతుంది. కిరణం దొరక్కపోయినా దిగులు వద్దు. ఒక గోడకు తగిలిన వెలుతురు ఎదుటి గోడమీద పడి, మళ్లీ ఇటు తగిలి, దిగేకొద్దీ నారింజ, ఎరుపు, ఊదా అవుతుంది. నాకైతే కిరణం కంటే అదే ఇష్టం.

ఒక్క మాట. ఆ లోయను కోసింది వరద నీరే, ఇప్పటికీ వస్తుంది. 1997 ఆగస్టు 12న లోయర్ ఆంటిలోప్‌లో పదకొండు మంది పర్యాటకులు కొట్టుకుపోయి చనిపోయారు. వాన కురిసింది అక్కడ కాదు, మైళ్ల అవతల. జూన్ రెండో సగం నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ వానల కాలం. టూర్ రద్దు చేశారంటే ఆకాశం నీలంగా ఉన్నా సరే, వాదించకండి.

ప్రశ్న: అక్కడ ఫోన్‌లో టైమ్ మాటిమాటికీ మారిపోతుందట. ఏది నమ్మాలి?
– శాన్ హోసే

జవాబు: ఏదీ నమ్మొద్దు. అరిజోనా వేసవిలో గడియారం ముందుకు జరపదు. యూటా జరుపుతుంది. నవాహో వాళ్ల ప్రాంతమైన నవాహో నేషన్ చాలావరకు అరిజోనాలో ఉన్నా జరుపుతుంది. దాని మధ్యలో ఉన్న హోపీ అనే మరో తెగ వాళ్ల భూమి మళ్లీ జరపదు! పేజ్ పట్టణం అరిజోనా టైమే పాటిస్తుంది, రెండు గంటల దూరంలోని మాన్యుమెంట్ వ్యాలీ ఒక గంట ముందుంటుంది. ఫోన్ ఏ టవర్ దొరికితే ఆ టైమ్ చూపిస్తుంది. ఆటోమేటిక్ తీసేసి, ఫీనిక్స్ అని చేత్తో పెట్టుకోండి. టూర్ బుక్ చేసేటప్పుడు ‘ఎవరి టైమ్’ అని అడగండి, వాళ్లకు ఈ ప్రశ్న రోజూ అలవాటే. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి దాకా ఈ టెన్షన్ లేదు.

ప్రశ్న: మావారు, ఆయన స్నేహితులు తెల్లారి నాలుగింటికి లేచి వెళ్లిపోతారు. నేనూ పిల్లలూ హోటల్లో. పగలు వాళ్లు నిద్రపోతారు, మేం కూర్చోవాలి. సాయంత్రం మళ్లీ కెమెరాలు. ఈసారి రానంటే అలుగుతున్నారు. ఏం చేయమంటారు?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: రానని చెప్పడం తప్పేం కాదమ్మా. ఫొటోల ప్రయాణం, కుటుంబ ప్రయాణం రెండూ వేరు. ఒకే కారులో రెండింటినీ కుక్కితే ఎవరో ఒకరు వెనక సీట్లో ఏడుస్తారు. వెళ్లాలనే ఉంటే రెండో కారు తాళాలు మీ చేతిలో ఉండాలి, ఇది మొదటి షరతు. రెండోది, పగలు మీది. బ్రైస్‌లో పిల్లలతో స్తంభాల మధ్యకు దిగే నవాహో లూప్ బాట, జయాన్‌లో నదిలోనే నడిచే నారోస్, ఇవన్నీ ఎండ నడినెత్తిన ఉన్నా బాగుంటాయి. నారోస్‌కు బయలుదేరేముందు పార్కువాళ్ల వరద హెచ్చరిక ఒకసారి చూసుకోండి. మూడోది, వంట మీ ఒక్కరిదే కాదు. పెద్ద ఊళ్లు దాటాక శాకాహారమంటే జున్ను ముక్కా బ్రెడ్డే. మా గుంపులో పులిహోర ఎవరు కలపాలి, రైస్ కుక్కర్ ఎవరు మోయాలి అన్నది బయలుదేరకముందే రాసుకుంటాం. నాలుగింటికి లేచే మగవాళ్లు ఫ్లాస్కులో కాఫీ పోసి వెళ్లగలరు.

నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన డిక్కీలో ఉండాలి. పెట్రోలు సగానికి రాగానే నింపండి. యూటాలో ఐ-70 హైవే మీద గ్రీన్ రివర్ అనే ఊరు దాటి పడమటికి వెళ్తే సలైనా దాకా వంద మైళ్లకు పైగా ఒక్క బంకు లేదు.

ప్రశ్న: డ్రోన్ తీసుకెళ్లొచ్చా? అలాగే, తెలిసిన ఒకాయన మనిషికి ఇంతని తీసుకుని ‘ఫొటో వర్క్‌షాప్’ పెడుతున్నాడు. చేరమంటారా?
– చాండ్లర్, అరిజోనా

జవాబు: డ్రోన్ ఇంట్లో ఉంచండి. నేషనల్ పార్కుల్లో 2014 నుంచి నిషేధం, నవాహో పార్కుల్లోనూ ఎగరనివ్వరు. పార్కుల వార్షిక పాస్ కూడా నవాహో భూమిలో చెల్లదు, అక్కడి రుసుము వేరే. అక్కడి మనుషుల్ని అడగకుండా ఫొటో తీయొద్దు, అడిగి తీస్తే ఏదైనా ఇవ్వండి.

ఇక వర్క్‌షాప్. ఖర్చులు పంచుకునే స్నేహితులు వేరు, ఫీజు తీసుకుని నడిపేవాడు వేరు. రెండోవాడికి పార్కునుంచి వ్యాపార అనుమతి ఉండాలి. కాగితం చూపించమనండి. నవ్వి మాట మారిస్తే మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్న: మాకు అమెరికా రావడం ఇప్పట్లో కుదరదు. గండికోటను ఇండియా గ్రాండ్ కాన్యన్ అంటారు కదా, నిజంగా అలాగే ఉంటుందా? ఐదుగురం బైకుల మీద వెళ్దామనుకుంటున్నాం.
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: నాది జమ్మలమడుగు పక్క పల్లె, కాబట్టి నా తీర్పు పక్షపాతమే అనుకో. గ్రాండ్ కాన్యన్ 446 కిలోమీటర్ల పొడవు, వెడల్పు కొన్నిచోట్ల 29 కిలోమీటర్లు, లోతు మైలు. అవతలి గోడ ఎప్పుడూ పొగమంచులో ఉన్నట్టే కనిపిస్తుంది. కొత్తవాళ్ల ఫొటోల్లో నూటికి తొంభై చప్పగా వచ్చేది అందుకే. అక్కడి శిఖరాలకు విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్ అని పేర్లున్నాయి. గుళ్లేం లేవు, 1880ల్లో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్తతో మొదలైన అలవాటు అది. ఆ పేర్లు విని కొబ్బరికాయ తెచ్చిన పెద్దాయన్ని చూశాను.

గండికోటలో రెండు గోడలూ దగ్గరగా ఉంటాయి, పెన్న నీళ్లు మధ్యలో కనిపిస్తాయి, లోతు ఒక్క ఫ్రేములో తెలుస్తుంది. ఫొటోకు అది పెద్ద సౌకర్యం. పైగా కోట గోడ, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు మినార్లు ముందుభాగంలో పెట్టుకోవచ్చు. వయసులోనూ మనది తక్కువేం కాదు. గ్రాండ్ కాన్యన్ అంచున నిలబడే సున్నపురాయి 27 కోట్ల ఏళ్లది. గండికోట రాయి వంద కోట్ల ఏళ్లు దాటినది.

నవంబరు, జనవరి మధ్య వెళ్లండి, వేసవిలో బండలు కాలిపోతాయి. రాత్రికే చేరి అక్కడే ఉండి, తెల్లవారకముందే అంచుకు పోవాలి. ఫోన్‌తో తీసేవాళ్లు ఆకాశం మీద నొక్కి వెలుతురు కాస్త తగ్గించుకోండి. లోయ అంచున చాలాచోట్ల కంచె లేదు, బండలు జారతాయి, పొద్దుటి మంచుకు ఇంకా ఎక్కువ. ఫోన్ టార్చి పట్టుకుంటే ఒక చెయ్యి పోయినట్టే. తలకు కట్టుకునే లైట్లు రెండు కొనుక్కోండి, ఐదుగురికీ సరిపోతాయి.