గేమ్ స్టడీస్ కోసం స్థలం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. నాకు 54 ఏళ్లు. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 58 వేలు. మా అమ్మాయి ఎంఏ ఇంగ్లిష్ చేసింది. వీడియో గేముల్లో కథ చెప్పే తీరు మీద ప్రాజెక్టు రాసింది. ఇప్పుడు హైదరాబాద్‌లో కంటెంట్ రైటర్‌గా నెలకు 28 వేలు సంపాదిస్తోంది. ఫిన్లాండ్‌లో గేమ్ స్టడీస్ మాస్టర్స్ చేసి రీసెర్చ్‌లోకి వెళ్తానంటోంది. రెండేళ్లకు 40 లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. స్థలం తాకట్టు పెట్టి 30 లక్షలు లోను తీసుకుందామని, మిగతా 10 లక్షలు పీఎఫ్ నుంచి తీద్దామని అనుకుంటున్నాం. బాబు ఇంటర్ సెకండియర్. బంధువులేమో ఆటలు కూడా ఒక చదువేనా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బంధువుల సందేహం ముందు తీర్చేద్దాం. ఇది చదువే. ఆటలను, వాటిని ఆడేవాళ్లను పరిశోధించే రంగం. ఈ రంగానికి 2001 నుంచి సొంత పరిశోధన పత్రిక ఉంది. 2003 నుంచి డిగ్రా అనే అంతర్జాతీయ పరిశోధకుల సంఘం ఉంది, దానికి భారత విభాగం కూడా ఉంది. ఫిన్లాండ్‌లో టాంపెరె, యువాస్కులా, తుర్కు యూనివర్సిటీలు కలిసి 2018 నుంచి 2025 వరకు ప్రభుత్వ నిధులతో గేమ్ కల్చర్ మీద పెద్ద పరిశోధన కేంద్రమే నడిపాయి. మన దగ్గర కూడా పని తక్కువేమీ కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. పబ్జీని కేంద్రం 2020 సెప్టెంబరులో ఆపింది. ఆ నిషేధాల తర్వాత పిల్లలు ఏం ఆడారు, ఎక్కడ ఆడారు, ఎంత ఖర్చు పెట్టారు అన్నది ఎవరో ఒకరు కూర్చుని శ్రద్ధగా రాయాల్సిన విషయమే. మీ అమ్మాయి రాస్తే తెలుగువాళ్లందరికీ పనికొస్తుంది.

అయితే చదువు మంచిదైనంత మాత్రాన దానికోసం తెచ్చే అప్పు మంచిది కాదు. మీ ప్లానులో నాకు అభ్యంతరం ఉన్నది అప్పు దగ్గరే.

లెక్క చూడండి. ఏటా 15 లక్షల చొప్పున 30 లక్షలు తీసుకున్నారు, వడ్డీ 10.5 శాతం అనుకుందాం. సాధారణంగా కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టనక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. ఆ మూడేళ్లకు సాధారణ వడ్డీయే 7 లక్షల 87 వేలు. అంటే ఈఎంఐ మొదలయ్యే రోజుకు బాకీ దాదాపు 38 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 51 వేలు. అప్పటికి మీకు 57 నిండుతాయి, చివరి వాయిదా 67వ ఏట.

గేమ్ డిజైనో ప్రోగ్రామింగో చదివితే కంపెనీలో ఉద్యోగం వస్తుందని ఆశపడొచ్చు. గేమ్ స్టడీస్ దారి వేరు. మాస్టర్స్ అయ్యాక అసలు మెట్టు పీహెచ్‌డీ. ఈఎంఐ మొదలయ్యే సమయానికి అమ్మాయి జీతంలో కాదు, ఫెలోషిప్ మీద ఉంటుంది. మన దేశంలో జేఆర్ఎఫ్ (నెట్ పరీక్షలో బాగా పైన నిలిచినవాళ్లకు ఇచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, ఆ తర్వాత 42 వేలు, హెచ్ఆర్ఏ అదనం. అందులోంచి 51 వేల ఈఎంఐ ఎవరు కడతారు? మీరే. పై చదువు కోసం ఈఎంఐ మొదలయ్యే గడువును పొడిగించమని అడగొచ్చు, బ్యాంకు ఒప్పుకున్నా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

కన్సల్టెన్సీ వాళ్లు మీకు చెప్పని సంగతి ఒకటుంది. మీ అమ్మాయి చేతిలో ఇప్పటికే మాస్టర్స్ ఉంది. రీసెర్చే లక్ష్యమైతే రెండో మాస్టర్స్ తప్పనిసరి కాదు. డెన్మార్క్‌లో, స్వీడన్‌లో పీహెచ్‌డీ అంటే ఎక్కువగా ఉద్యోగమే. ఫీజు ఉండదు, నెల జీతం ఇస్తారు. డెన్మార్క్‌లో మూడేళ్లు, స్వీడన్‌లో నాలుగేళ్లు. ఈ పోస్టులను యూనివర్సిటీలు ఉద్యోగ ప్రకటనల్లాగే వేస్తాయి. కోపెన్‌హాగెన్ ఐటీ యూనివర్సిటీలో గేమ్ రీసెర్చ్‌కి ప్రత్యేక కేంద్రమే ఉంది. పోటీ చాలా గట్టిగా ఉంటుంది, మొదటిసారే వస్తుందని లెక్క వేసుకోవద్దు. కానీ దరఖాస్తుకు 40 లక్షలు అక్కర్లేదు. మంచి రీసెర్చ్ ప్రపోజల్, ఎంఏ ప్రాజెక్టును పెంచి రాసిన ఒక పేపర్, ఇద్దరు ప్రొఫెసర్ల సిఫార్సు లేఖలు కావాలి.

అందుకే ఏడాదిన్నర గడువు పెట్టుకోండి. అమ్మాయి ఉద్యోగం మానకూడదు. ఈ లోపు జేఆర్ఎఫ్ కోసం యూజీసీ నెట్ పరీక్ష రాయాలి. జూన్, డిసెంబర్ అని ఏటా రెండుసార్లు ఉంటుంది కాబట్టి కనీసం రెండు మూడు అవకాశాలు దొరుకుతాయి. ఇంగ్లిష్‌లో రాయవచ్చు, మాస్ కమ్యూనికేషన్‌లో పీహెచ్‌డీ చేయాలనుకుంటే ఆ నిబంధనలు కూడా చూసుకోమనండి. హైదరాబాద్‌లోనే ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) కల్చరల్ స్టడీస్ విభాగం ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ విభాగం ఉంది. అక్కడ గేముల మీద గైడ్ చేసేవాళ్లు ఎవరున్నారో అమ్మాయే వెళ్లి మాట్లాడాలి. గైడ్ దొరకకుండా సీటు వచ్చినా ఉపయోగం లేదు. జేఆర్ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే నెలకు 8 వేలే వస్తాయి. దాంతో హైదరాబాద్‌లో హాస్టల్, తిండి కూడా గట్టెక్కవు. కాబట్టి జేఆర్ఎఫ్ మీద పట్టుదలగా ఉండమనండి.

ఇక్కడ పీహెచ్‌డీ చేస్తే విదేశం తలుపు మూసుకుపోతుందన్న టెన్షన్ వద్దు. మన దేశంలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు కొన్ని నెలలు అమెరికాలో పని చేసుకోవడానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో ద స్ట్రాంగ్ అనే ఆటల మ్యూజియం కూడా బయటి పరిశోధకులకు చిన్న ఫెలోషిప్పులు ఇస్తుంది.

మాస్టర్స్‌కే వెళ్లాలని గట్టిగా అనుకుంటే స్కాలర్‌షిప్పుతోనే వెళ్లాలి. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్పు వస్తే ఫీజు వాళ్లే భరించి నెలకు 1,400 యూరోలు ఇస్తారు. ఏయే కోర్సులకు ఇస్తారో ఆ జాబితా చూడాలి. తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధిలో 20 లక్షల వరకు సాయం ఉంది. మీ కులం, ఆదాయం అర్హతలోకి వస్తాయా, దేశం, కోర్సు ఆ జాబితాల్లో ఉన్నాయా అన్నది సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కోండి. ఫీజు సగానికి తగ్గి, తాకట్టు లేకుండా దొరికే 7.5 లక్షల లోపు లోనుతో మిగతాది సర్దుకోగలిగితే అప్పుడు నేను సరే అంటాను. అంతకు మించి వద్దు.

ఇక ఇంట్లో డబ్బు సంగతి. అమ్మాయి జీతంలోంచి నెలకు 8 వేలు ఆర్‌డీ కట్టించండి. ఏడాదిన్నరలో లక్షన్నర దాకా అవుతుంది. పరీక్ష ఫీజులు, పుస్తకాలు, ఒకటి రెండు సెమినార్లకు ప్రయాణాలు దాంట్లోంచే వెళ్లాలి. మీ వైపు నుంచి 4 లక్షలు ఎఫ్‌డీలో విడిగా ఉంచండి. జేఆర్ఎఫ్ డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది, ఆ సమయంలో అమ్మాయి చేయి చాచకుండా ఉండాలి. విదేశంలో జీతం పోస్టు వచ్చినా టికెట్, ఇంటి అడ్వాన్సు, మొదటి నెల ఖర్చు ముందే కావాలి.

పీఎఫ్ ముట్టుకోవద్దు. మీకు ఉద్యోగం ఇంకో ఆరేళ్లే అనుకుంటే, ఆ తర్వాత మీ ఇద్దరికీ అదీ ఆ స్థలమే ఆధారం. పైగా వచ్చే ఏడాది బాబు కాలేజీలో చేరతాడు. అక్కను ఫిన్లాండ్ పంపి తమ్ముడి ఫీజుకు మళ్లీ అప్పు వెతకడం ఇద్దరికీ న్యాయం కాదు. కన్సల్టెన్సీకి అడ్వాన్సు ఇంకా కట్టకపోతే ఆపేయండి. కట్టేసి ఉంటే రసీదు, ఒప్పంద పత్రం తీసి రీఫండ్ షరతులు ఈ వారమే చదవండి.