బ్రాకెట్ ముందున్న మైనస్‌తో జాగ్రత్త

చిట్టితల్లీ,

లెక్కలు వదిలేసినదానివి, మళ్ళీ హైస్కూల్ ఆల్జీబ్రా మొదటినుంచి పట్టి పరీక్ష రాస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది. సగం లెక్క మనసులో చేసేసి జవాబు మాత్రం కాగితం మీద పెట్టడం నీకు చిన్నప్పటి అలవాటు. కూడికలకు చెల్లింది, సమీకరణాలకు చెల్లదు.

పద్ధతి నీకు తెలిసిందే. భిన్నాలుంటే రెండు వైపులా హారాల క.సా.గు.తో (కనిష్ఠ సామాన్య గుణిజంతో) గుణించు, బ్రాకెట్లు విప్పు, ఎక్స్ పదాలు ఒక వైపుకీ అంకెలు ఇంకో వైపుకీ తెచ్చుకో, చివర గుణకంతో భాగించు. లైనుకి ఒక్క పనే చెయ్యి.

నా భయమంతా బ్రాకెట్ ముందున్న మైనస్ గురించే. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రాడికి ఈ లెక్క ఇచ్చాను:

5 − 2(ఎక్స్ − 3) = 1

రెండో లైన్లో 5 − 2ఎక్స్ − 6 = 1 అని రాశాడు. ఆ తర్వాత ఒక్క తప్పూ లేకుండా చేసుకుంటూ పోయి, ఎక్స్ = −1 అన్నాడు. కాదనేసరికి "నాకు బుర్ర లేదండీ" అని తల దించేసుకున్నాడు. ఆ మాటకి నా ప్రాణం ఉసూరుమంది. పక్కన కూర్చోబెట్టుకుని నోటుబుక్కు వెనక్కి తిప్పితే, ప్రతి పేజీలోనూ దెబ్బతిన్నది ఆ ఒక్క చోటే.

ఎక్స్ కంటే 3 తక్కువున్నదాన్ని రెండుసార్లు తీసెయ్యమన్నారు. నువ్వు 2ఎక్స్ మొత్తం తీసేస్తే 6 ఎక్కువ తీసేసినట్టేగా? ఆ 6 తిరిగి ఇచ్చెయ్యాలి. అందుకే +6. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనమని బ్రహ్మగుప్తుడు 628లోనే రాసిపెట్టాడు. ఇప్పుడు 11 − 2ఎక్స్ = 1, అంటే 2ఎక్స్ = 10, ఎక్స్ = 5.

జవాబు రాగానే సరిచూసుకో, కానీ ప్రశ్నలో ఇచ్చిన లైన్లోనే. ఆ కుర్రాడి −1ని వాడి రెండో లైన్లో పెట్టి చూడు, 5 + 2 − 6 = 1, చక్కగా సరిపోతుంది! అసలు ప్రశ్నలో పెడితే 13 వస్తుంది.

ఇంకొకటి. వర్గ సమీకరణాల్లో రెండు వైపులా ఎక్స్ కనబడింది కదా అని కొట్టెయ్యకు, ఎక్స్ = 0 అనే జవాబు దాంతోపాటే పోతుంది.

తప్పొస్తే చెరపకమ్మా, ఒక గీత కొట్టి కింద మళ్ళీ రాయి. చెరిపేస్తే ఎక్కడ జారావో నీకూ తెలియదు, నాకూ తెలియదు. మార్కులు తగ్గితే తగ్గనీ, నిన్ను నువ్వు తిట్టుకుంటే మాత్రం ఊరుకోను.

ఈ రాత్రికి ఇది చెయ్యి: 7 − 3(ఎక్స్ − 4) = 10. 3 రావాలి. −5 వచ్చిందంటే ఎక్కడ జారావో తెలుసుగా. ఏది వచ్చినా అన్ని లైన్లూ కనబడేలా ఫొటో తీసి పంపు.

నీ పెదనాన్న