1914లో జర్మనీ కొత్త రిజర్వ్ కోర్‌లను ఎలా నిలబెట్టింది? ఒక మాజీ సుబేదార్ జవాబు

ప్రశ్నలో మూడు సంగతులు అడిగారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక జర్మనీ కొత్త రిజర్వ్ కోర్‌లను (కోర్ అంటే రెండు డివిజన్లున్న పెద్ద సేన) ఎలా ఏర్పాటు చేసింది? మామూలు కోర్‌కూ వాటికీ తేడా ఏమిటి? బెల్జియంలోని లాంగెమార్క్ దగ్గర జర్మన్ విద్యార్థులు పాడుతూ ప్రాణాలు వదిలారన్న కథ నిజమేనా? మొదటి రెండింటి విషయంలో నా ఉద్యోగానుభవం కొంత పనికొస్తుంది. నేను భారత సైన్యంలో ఎక్కువ కాలం క్వార్టర్‌మాస్టర్ శాఖలో పనిచేసి సుబేదార్‌గా పదవీ విరమణ చేశాను. ఖాళీ మైదానంలో గుడారాలు వేసి ఒక కొత్త బెటాలియన్‌ను నిలబెట్టిన బృందంలో ఉన్నాను. అటువంటి పని చేసినవాడు ఏ సైన్యం పట్టిక చూసినా మొదట జవాన్ల సంఖ్య చూడడు. మెషిన్ గన్‌లు ఎన్ని, హవల్దార్లు ఎక్కడినుంచి వచ్చారు, వంట బళ్లు అందాయా అని వెతుకుతాడు.

ముందు ఒక గందరగోళం తొలగించాలి. 1914లో జర్మనీకి రెండు రకాల రిజర్వ్ కోర్‌లు ఉన్నాయి. పేరు ఒకటే కాబట్టి చాలా వ్యాసాలు వీటిని కలిపేస్తాయి.

మొదటి రకం శాంతికాలంలోనే కాగితం మీద సిద్ధంగా ఉన్నది. జర్మన్ యువకుడు పదాతిదళంలో రెండేళ్లు పనిచేసి ఇంటికి వెళ్లాక కొన్నేళ్లపాటు రిజర్విస్టుగా ఉండేవాడు, ఆ తరువాత లాండ్‌వేర్ అనే పెద్ద వయసు దళంలోకి మారేవాడు. ఆగస్టు 2న సమీకరణ మొదలవగానే ఈ రిజర్విస్టులతోనే రిజర్వ్ కోర్‌లు లేచాయి. రిజర్విస్టులను ఇలా ముందు వరుసలోనే దింపుతారని ఫ్రెంచి సేనాధిపతులు సరిగా అంచనా వేయలేదు. వీళ్ల సత్తా తెలియాలంటే జనరల్ త్స్వేల్ నడిపిన 7వ రిజర్వ్ కోర్‌ను చూడండి. సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని మోబెజ్ కోటను పట్టుకుని, విశ్రాంతి లేకుండా ఒక రోజులో అరవై కిలోమీటర్లకు పైగా నడిచి, 13వ తేదీన బ్రిటిష్ దళాల కంటే కొద్ది గంటల ముందు షెమాఁ దే దామ్ గుట్టల మీదికి చేరింది. దారిలో కూలబడిపోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లే అక్కడ జర్మన్ వరుసలో ఉన్న ఖాళీని పూడ్చారు. పాత సిపాయిలు, పాత హవల్దార్లు ఉన్న దళం కాబట్టే అది సాధ్యమైంది.

మీరు అడిగింది రెండో రకం గురించి. ఆగస్టు 16న ప్రష్యా యుద్ధమంత్రి ఎరిక్ ఫన్ ఫాల్కెన్‌హైన్ ఆరు కొత్త కోర్‌లను నిలబెట్టమని ఆదేశించాడు. అవి 22 నుంచి 27 దాకా నంబర్లున్న రిజర్వ్ కోర్‌లు. వాటికింద 43 నుంచి 54 దాకా పన్నెండు రిజర్వ్ డివిజన్లు. వీటితోపాటు బవేరియాలో 6వ బవేరియన్ రిజర్వ్ డివిజన్ ఒకటి. హిట్లర్ సిపాయిగా చేరిన రెజిమెంట్ ఇందులోదే.

మనుషులకు కొరత లేదు. ఆగస్టు నెలలోనే దాదాపు 1,85,000 మంది స్వచ్ఛందంగా చేరారు, పత్రికలు మాత్రం పది లక్షల పైచిలుకు అని రాశాయి. అయితే కొత్త కోర్‌లలో ఉన్నవాళ్లంతా స్వచ్ఛంద సైనికులే కాదు. వాళ్ల పక్కన పెళ్లయి పిల్లలున్న లాండ్‌వేర్ మనుషులు, ఎన్నడూ తుపాకి పట్టని ఎర్సాట్జ్ రిజర్వ్ మనుషులు కూడా ఉన్నారు. వీళ్లను పోగుచేసే బాధ్యత జిల్లాల్లో మిగిలిన కార్యాలయాలది. శాంతికాలం నుంచీ మామూలు కోర్‌కు ఒక సొంత జిల్లా ఉండేది. కోర్ కమాండర్ యుద్ధానికి వెళ్తే అక్కడ ఒక ఉప కమాండర్ కూర్చుని డిపోలు, భర్తీలు, దుస్తుల గోదాములు చూసుకునేవాడు. యుద్ధం సాగినన్నాళ్లూ ముందు వరుసకు మనుషులను, సరుకును పంపింది ఈ కార్యాలయాలే. చరిత్ర పుస్తకాల్లో వీటికి పేరా కూడా దక్కదు. ఎవరు రాస్తారు గోదాముల గురించి!

ఇప్పుడు లెక్కలు. ఈ విషయంలో నా అభిప్రాయం అంతా వీటిలోనే ఉంది. 1914లో ఒక మామూలు కోర్ 25 పదాతి బెటాలియన్లతో, 54 మెషిన్ గన్‌లతో, 144 ఫీల్డ్ ఫిరంగులతో కదిలింది. వాటికి అదనంగా 16 భారీ హోవిట్జర్‌లు, ఒక విమాన దళం కూడా ఉన్నాయి. మొదటి రకం రిజర్వ్ కోర్‌కు ఫిరంగులు సగమే, అంటే 72. భారీ హోవిట్జర్‌లు లేవు. అయినా మెషిన్ గన్‌లకు పెద్దగా లోటు లేదు. ఇక కొత్తగా పుట్టిన 22వ రిజర్వ్ కోర్ చూడండి. బెటాలియన్లు 26, అంటే మామూలు కోర్ కంటే ఒకటి ఎక్కువే. ఫిరంగులు 72, మెషిన్ గన్‌లు 16. రెజిమెంట్‌కు ఆరు మెషిన్ గన్‌ల కంపెనీ ఉండాల్సిన చోట రెండు గన్‌ల ప్లటూన్ ఇచ్చారు. ఫిరంగుల బ్యాటరీల సంఖ్య పెంచి, ఒక్కో బ్యాటరీలో ఆరింటికి బదులు నాలుగే పెట్టారు. అశ్వికదళం నామమాత్రం.

అంటే రైఫిల్ పట్టిన మనిషికి తోడు నిలిచే ఇనుము మూడో వంతుకు, సగానికి పడిపోయింది. మ్యాపు మీద గుర్తు పెడితే మాత్రం ఇది కూడా ఒక పూర్తి కోర్‌గానే కనిపిస్తుంది. పై కార్యాలయంలో కూర్చున్న అధికారికి ఆ గుర్తే కనిపిస్తుంది కాబట్టి, మామూలు కోర్‌కు ఇచ్చే పనే దీనికీ ఇస్తాడు. మేం నిలబెట్టిన కొత్త బెటాలియన్‌లోనూ నెలవారీ నివేదికలో జవాన్ల బలం నిండుగా చూపిస్తే, అభ్యాసాల జాబితాలో మా పేరు పాత బెటాలియన్ల సరసన చేరిపోయింది. వైర్‌లెస్ సెట్లు ఇంకా రాలేదని రాసిన పేజీని ఎవరూ తిప్పలేదు. మాది శాంతికాలం కాబట్టి నష్టం తిట్లతో సరిపోయింది.

ఇనుము కంటే పెద్ద లోటు హవల్దార్లది. సైన్యంలో పనిచేయనివాళ్లకు ఇది సులభంగా తట్టదు. కుర్రాడికి గురి చూడటం కొన్ని వారాల్లో నేర్పవచ్చు. తూటాలు వస్తున్నప్పుడు ఎక్కడ పడుకోవాలి, ఎప్పుడు లేవాలి, పక్కవాడికి ఎంత దూరంలో ఉండాలి అన్నది మాత్రం పదేళ్లు పనిచేసిన నాయక్ పక్కన ఉంటేనే ఒంటబడుతుంది. అటువంటివాళ్లను మామూలు కోర్‌లు, మొదటి రకం రిజర్వ్ కోర్‌లు ఆగస్టు మొదటి వారంలోనే తీసుకుపోయాయి. మిగిలింది ఏళ్ల క్రితం యూనిఫాం విప్పేసిన అధికారులు, పాత పద్ధతిలో డ్రిల్ నేర్చుకున్న పెద్దవాళ్లు. శిక్షణ ఆరు నుంచి ఎనిమిది వారాలు. సామగ్రి ఎంత తక్కువంటే, హిట్లర్ ఉన్న ఆ బవేరియన్ రెజిమెంట్‌కు తలకు మామూలు హెల్మెట్లు కూడా దొరకలేదు. గుడ్డ టోపీలు పెట్టుకుని వెళ్తే బ్రిటిష్‌వాళ్లనుకుని సొంత పక్షంవాళ్లే వాళ్లమీద కాల్పులు జరిపారు. ఆ రెజిమెంట్ కమాండర్ కర్నల్ లిస్ట్ యుద్ధంలోకి దిగిన కొద్ది రోజుల్లోనే, అక్టోబర్ 31న చనిపోయాడు.

సెప్టెంబర్ 14న ఫాల్కెన్‌హైనే మొత్తం సైన్యాన్ని నడిపే జనరల్ స్టాఫ్ అధిపతి బాధ్యతలు చేపట్టాడు. కోర్‌లను పుట్టించినవాడే వాటిని వాడుకునే స్థానంలోకి వచ్చాడు. 22వ రిజర్వ్ కోర్ కమాండర్ ఆయన సొంత అన్న, అశ్వికదళ జనరల్ యూగెన్ ఫన్ ఫాల్కెన్‌హైన్. అక్టోబర్ రెండో వారంలో 22, 23, 26, 27 కోర్‌లను రైళ్లలో బెల్జియంకు తరలించి, వ్యూర్టెంబెర్గ్ డ్యూక్ ఆల్‌బ్రెష్ట్ నడిపే 4వ సైన్యంలో కలిపారు. బెల్జియం కోట ఆంట్‌వెర్ప్ పడిపోవడంతో అక్కడ పని ముగిసిన 3వ రిజర్వ్ కోర్ కూడా వాళ్లతో చేరింది. ఉత్తరాన ఇజేర్ నది దగ్గర, దక్షిణాన ఈప్ర్ ఊరి ముందు, చదునైన పొలాల్లో కందకాలు, ముళ్లకంచెలు, గురి తప్పని బ్రిటిష్ రైఫిళ్లు, ఫ్రెంచి ఫిరంగులు. ఫ్లాండర్స్ అనే ఆ ప్రాంతపు పొలాల్లోకి ఈ కోర్‌లు గుంపులుగా నడిచి ఘోరంగా దెబ్బతిన్నాయి. ఇజేర్ వైపు బెల్జియం సైన్యం నెల చివర్లో న్యూపోర్ట్ తూముల గేట్లు ఎత్తి పొలాలన్నిటినీ సముద్రపు నీటితో ముంచేసింది. నవంబర్ 10న డిక్స్‌మ్యూడా పట్టణం మాత్రం జర్మన్లకు దక్కింది.

అదే ఆగస్టులో బ్రిటన్‌లో యుద్ధమంత్రి కిచెనర్ పిలుపుకు కూడా లక్షలమంది వచ్చారు. ఆయన వాళ్లను తొందరపడి పంపలేదు. మొదటి డివిజన్లు 1915 మే నెలలో సముద్రం దాటాయి. పశ్చిమ రంగంలో వాళ్లు పెద్ద యుద్ధం చూసింది సెప్టెంబర్‌లో, లోస్ దగ్గర. అక్కడ కూడా నష్టాలు భయంకరంగానే ఉన్నాయి, కాబట్టి శిక్షణే సర్వస్వం అనను. కానీ ఎనిమిది వారాలకూ ఏడాదికీ తేడా లేదనే సుబేదార్ ఎవరూ నాకు తారసపడలేదు.

కొత్త కోర్‌లన్నీ ఎందుకూ పనికిరాలేదనడం కూడా తప్పు. 25వ రిజర్వ్ కోర్‌ను ఫ్లాండర్స్‌కు కాకుండా తూర్పుకు పంపారు. నవంబర్‌లో పోలండ్‌లోని వూచ్ దగ్గర రష్యన్లు దాన్ని చుట్టుముట్టారు. షెఫర్-బోయాడెల్ అనే కమాండర్ గడ్డకట్టే చలిలో తన దళాన్ని, దానితో ఉన్న గార్డ్స్ డివిజన్‌ను వలయం ఛేదించి బయటికి తెచ్చాడు. వస్తూ వస్తూ దాదాపు 16,000 మంది ఖైదీలను, 64 ఫిరంగులను వెంట తెచ్చాడు. అదే శిక్షణ, అదే పదహారు మెషిన్ గన్‌లు. అక్కడ కదలడానికి చోటుంది, ఎదుట కందకాల వరుస లేదు. అందుకే ఫ్లాండర్స్ నష్టానికి కుర్రాళ్ల అనుభవలేమిని నిందించడం నాకు సగం సమాధానంగానే తోస్తుంది. ఎక్కడ వాడాలో నిర్ణయించినవాళ్ల బాధ్యత మిగతా సగం.

ఇక లాంగెమార్క్. 1914 నవంబర్ 11న జర్మన్ సైనిక ప్రకటన ఒకటి వెలువడింది: లాంగెమార్క్‌కు పశ్చిమాన యువ రెజిమెంట్లు ‘డాయిచ్‌లాండ్, డాయిచ్‌లాండ్ ఊబర్ ఆలెస్’ అనే దేశభక్తి గీతం పాడుతూ శత్రువు మొదటి వరుసను పట్టుకున్నాయని. అసలు పోరాటం జరిగింది బిక్స్‌ఖోటె అనే ఊరికి దగ్గర్లో. లాంగెమార్క్ అన్న పేరు జర్మన్ చెవికి బాగుంటుంది కాబట్టి అది నిలిచింది. పాడలేదని కాదు, పొగమంచులో సొంతవాళ్లు కాల్చకుండా ఆనవాలు కోసం పాడామన్న జ్ఞాపకాలు ఉన్నాయి. విద్యార్థుల సంగతికొస్తే, జాబితాలు తిరగేసిన చరిత్రకారులు ఈ రెజిమెంట్లలో విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిపినా ఐదో వంతుకు మించరని తేల్చారు. మిగిలినవాళ్లు చేతివృత్తులవాళ్లు, గుమాస్తాలు, రైతులు. నాజీలు ఈ కథను తరువాత బాగా వాడుకున్నారు.

మా అమ్మాయి బెల్జియంలోని గెంట్‌లో ఉద్యోగం చేస్తుంది కాబట్టి అక్కడి జర్మన్ సైనికుల శ్మశానాలు చూసే అవకాశం వచ్చింది. లాంగెమార్క్‌లో 44,000 మందికి పైగా ఉన్నారు, వాళ్లలో సగానికి పైగా ఒకే సామూహిక సమాధిలో. నాకు ఎక్కువ ఉపయోగపడింది వ్లాడ్‌స్లో శ్మశానం. అక్కడ ఒక్కో రాతి పలక మీద ఇరవై పేర్లు, హోదా, చనిపోయిన తేదీ చెక్కి ఉంటాయి. 1914 అక్టోబర్ తేదీలు వెతుక్కుంటూ నడిస్తే ఈ జవాబులో రాసినదంతా కళ్లముందుకొస్తుంది. చిత్రకారిణి, శిల్పి క్యేటె కోల్విట్జ్ చిన్న కొడుకు పేటర్ కూడా అక్కడే ఉన్నాడు. వయసు పద్ధెనిమిది, 207వ రిజర్వ్ పదాతి రెజిమెంట్. యుద్ధరంగానికి చేరిన కొద్ది రోజులకే డిక్స్‌మ్యూడా దగ్గర చనిపోయాడు. మోకాళ్ల మీద కూర్చున్న తల్లిదండ్రుల విగ్రహాలు ఆమె రూపొందించినవే.

రెజిమెంట్ నంబరు తెలిస్తే కోర్ కనుక్కోవడానికి ఒక తేలిక దారి ఉంది. కొత్త రెజిమెంట్లకు 201 నుంచి 248 దాకా వరుసగా, డివిజన్‌కు నాలుగు చొప్పున నంబర్లిచ్చారు. 201-204 అయితే 43వ డివిజన్, 205-208 అయితే 44వది, ఇలా 245-248 అయితే 54వది. డివిజన్లు కోర్‌కు రెండు చొప్పున: 43, 44 అంటే 22వ కోర్; 45, 46 అంటే 23వది. కాబట్టి పేటర్ 207వ రెజిమెంట్ 44వ డివిజన్‌ది, ఫాల్కెన్‌హైన్ అన్నగారి కోర్. ప్రతి డివిజన్‌కూ ఒక రిజర్వ్ యేగర్ (తేలికపాటి పదాతిదళ) బెటాలియన్ కూడా ఇచ్చారు, నంబర్లు 15 నుంచి 26.

ఈ వరుస 248 దగ్గర ఆగుతుంది. ఆ తరువాత నిలబెట్టిన 38 నుంచి 41 దాకా రిజర్వ్ కోర్‌లకు లెక్క వేరు: 75 నుంచి 82 దాకా డివిజన్లు, 249 నుంచి 272 దాకా రెజిమెంట్లు, డివిజన్‌కు మూడే. ఫ్లాండర్స్‌లో దెబ్బ తిన్నాక వీటికి ఎక్కువ శిక్షణ ఇచ్చారు, యుద్ధం చూసిన అధికారులను, హవల్దార్లను ముందు వరుస నుంచి వెనక్కి రప్పించి వీటిలో కలిపారు. 1915 ఫిబ్రవరిలో మసూరియా సరస్సుల దగ్గర మంచులో రష్యన్ల మీద దాడి చేసినప్పుడు ఆ తేడా కనిపించింది. 1917 వచ్చేసరికి కోర్ అన్నది ఒక ప్రధాన కార్యాలయంగా మిగిలింది. దాని కింద డివిజన్లు వస్తూ పోతూ ఉండేవి. మీ దగ్గర ఏదైనా పాత సైనిక పత్రం ఉండి, అది ఆ కాలానిదైతే కోర్ నంబరు పట్టుకుని వెతకకండి, డివిజన్ నంబరు చూడండి.