కోకిల సంగతి తర్వాత, ముందు తీగ మీది గూడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వసంతం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుంది, చదివించే గుణం ఉంది. కానీ అందులో ఉన్న వసంతం మీ ఇల్లందు పక్క పల్లెది కాదు. మామిడి చిగురు తిని కోకిల పాడిందని రాశావు. అది కవులు తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్న మాట. కోకిల ఎక్కువగా తినేది పండ్లు. మీ ఊరి రావిచెట్టు కాయలు పండినప్పుడు కింద నిలబడి చూడు. నల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, ఆ పాడేది మగపిట్ట. ఆడది గోధుమరంగులో తెల్ల చుక్కలతో ఉంటుంది, 'కిక్ కిక్' అని అరుస్తుంది. ఎండలు ముదిరి కాకులు గూళ్లు కట్టుకునే వేళకు ఆ చుట్టుపక్కలే కాచుకుని ఉంటుంది, సందు దొరికితే కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. ఇది ఒక్కసారి కళ్లారా చూస్తే 'కోయిలమ్మ తీయగా పాడింది' అని రాయడానికి నీకే చెయ్యి ఆడదు.

మనవైపు వసంతమంటే అంతా పచ్చదనం కూడా కాదు. ఫాల్గుణంలో అడవి ఆకు రాలుస్తుంది. మోదుగ ఆకులన్నీ వదిలేసి పూస్తుంది. అవే రోజుల్లో మిర్చి కోతలు. కల్లాల్లో కాయ ఎండబోస్తే ఆ ఘాటుకు దారిన పోయేవాళ్లకు కూడా తుమ్ములొస్తాయి. ఖమ్మం వైపు పిల్లవి, ఆ ఘాటు నీ వ్యాసంలో ఎందుకు లేదమ్మా? మోదుగ పువ్వుకు వాసన లేదు, తేనె ఉంది. పొద్దున్నే గోరింకలు, తేనెపిట్టలు చేరి గోల గోల చేస్తాయి. కాసేపు కదలకుండా కూర్చుంటే ఏ పిట్ట ఏ పిట్టను తరుముతోందో తెలుస్తుంది. ఇప్పచెట్టు దగ్గరికైతే చీకటితోనే పోవాలి. రాత్రి నుంచి రాలిన పువ్వును కోయ ఆడవాళ్లు బుట్టల్లోకి ఏరుకుంటుంటారు. ఆ చెట్టు గురించి వాళ్లకు తెలిసింది నీకూ నాకూ తెలియదు. అడుగు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకో.

పాలపిట్టను దసరా నాడు చూసి దండం పెట్టి మర్చిపోతాం. అది జత కోసం విన్యాసాలు చేసేది ఈ ఎండల్లోనే. కరెంటు తీగ మీద కూర్చుంటే మట్టిరంగు పిట్టలా ఉంటుంది. పైకెగిరి, గరగరమని అరుస్తూ పల్టీలు కొడుతూ దిగేటప్పుడు చూడాలి ఆ రెక్కల నీలం! తల విరిగిన తాటి మోడు ఏదైనా ఉంటే దాని తొర్ర మీద ఓ కన్నేసి ఉంచు.

ఇక అసలు విషయం. నీ మూడో పేరాలో 'బట్టలారేసే తీగకు ఏదో చిన్న గూడు వేలాడుతోంది' అని ఒకే వాక్యం రాసి దాటేశావు. నువ్వు నిజంగా చూసి రాసింది అదొక్కటే. అది తేనెపిట్ట గూడే అనుకుంటున్నాను. దగ్గరికి పోకుండా, కిటికీ వెనక నుంచి చూడు. సాలెగూడు దారాలతో ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు, గొంగళిపురుగుల పెంటికలు అతికించి ఉంటాయి. పక్కన చిన్న వాకిలి, దాని మీద చూరులాంటి పంచ. కట్టేది ఆడపిట్ట ఒక్కటే. మగది చుట్టూ తిరుగుతూ ఎండలో ఊదా నీలంగా మెరుస్తుంది, ఈ కాలం దాటితే ఆ మెరుపు చాలావరకు పోతుంది. ఆడపిట్ట ఎన్నింటికి వస్తోంది, ఏం తెస్తోంది, పిల్లలయ్యాక పురుగు పెడుతోందా? తారీఖు, టైమ్ వేసి నోట్‌బుక్‌లో రాసుకో. ఫోన్‌లో ఫోటోల కోసం మాటిమాటికీ దగ్గరికి వెళ్లకు. మనిషి ఎక్కడ ఆగుతున్నాడో కాకి కనిపెడుతుంది, అది గూడు మీద పడితే ఇక పిల్లలు దక్కవు. నీ వ్యాసం కంటే ఆ పిల్లలు ముఖ్యం. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ తీగ మీద బట్టలు ఆరేయొద్దని ఇంట్లో చెప్పు. కోకిలనూ మల్లెలనూ పక్కన పెట్టి ఈ గూడు ఒక్కదాని మీదే మళ్లీ రాసి పంపు. ఆ పిట్టను మీ ఊళ్లో ఏమని పిలుస్తారో మీ నానమ్మనడిగి, వ్యాసంలో ఆ పేరే వాడు. ఆవిడకు నా నమస్కారాలు చెప్పు.