మొదటి రైఫిల్‌కి తోడుగా రెండోది కొనాలా?

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్లయింది. రెండేళ్ల కిందట రూగర్ పీసీ కార్బైన్ అనే పొట్టి రైఫిల్, 9 ఎంఎం కొన్నాను. నెలకోసారి రేంజ్‌కి తీసుకెళ్తాను. ఇంటి రక్షణకీ అదే. అవసరమైన రోజున అది మొరాయిస్తే ఎలా అని ఈమధ్య టెన్షన్ పట్టుకుంది. బ్యాకప్‌గా ఇంకో చిన్న సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తీసుకుందామనుకుంటున్నాను. సగానికి మడిచే కెల్‌టెక్ సబ్ 2000 అయితే కారు డిక్కీలో పెట్టుకోవచ్చని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. పనిలో పనిగా మా బావమరిదికి కూడా ఒకటి నా పేరు మీద కొనొచ్చా? తను హెచ్1బీలో ఉన్నాడు, డబ్బులు తనే ఇస్తానన్నాడు. ఇంట్లో తొమ్మిదేళ్ల బాబు, ఆరేళ్ల పాప ఉన్నారు.
— ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: మీరు చివర్లో అడిగినదానికి ముందు జవాబు చెప్పనివ్వండి. అది చదివాక నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

బావమరిది కోసం మీ పేరు మీద కొనొద్దు. షాపులో మీరు నింపే 4473 ఫారంలో, ఈ గన్‌ని నిజంగా కొంటున్నది మీరేనా అని సూటిగా అడుగుతారు. ఆయన డబ్బుతో ఆయన కోసం కొంటూ అక్కడ ‘అవును’ అని రాస్తే అది ఫెడరల్ నేరం. 2022లో వచ్చిన చట్టంతో, చట్టం అనుమతించని మనిషి కోసం ఇలా కొంటే 15 ఏళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. ‘కుటుంబంలోనే కదా’ అని చాలామంది అనుకుంటారు. వర్జీనియాలో అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు అలాగే అనుకున్నాడు. పెన్సిల్వేనియాలో ఉన్న తన అంకుల్ పంపిన 400 డాలర్ల చెక్కుతో ఒక గ్లాక్ పిస్టల్ కొని ఇచ్చాడు. ఆ అంకుల్‌కి గన్ కొనుక్కునే హక్కు పూర్తిగా ఉంది. అయినా 2014లో సుప్రీంకోర్టు అది నేరమేనంది. మీ బావమరిది పరిస్థితి అంతకన్నా కష్టం. హెచ్1బీలో ఉన్నవాళ్లు మామూలుగా గన్ కొనడమే కాదు, చేతిలో పట్టుకోవడమూ కుదరదు. వేట లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది కానీ, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా దాని మీద ఆధారపడొద్దు. అప్పటిదాకా తనని సరదాకి రేంజ్‌కి తీసుకెళ్లి నాలుగు రౌండ్లు కాల్పించడం కూడా వద్దు. మీకున్నది గ్రీన్ కార్డు, పౌరసత్వం కాదు. గన్ కేసులో శిక్ష పడితే ఈ దేశం నుంచి పంపించేయొచ్చు. పిల్లల చదువు, ఇల్లు, ఉద్యోగం, అన్నీ ఆ ఒక్క సంతకం మీద పెడతారా?

ఇంకోటి. ఇలాంటి రైఫిళ్లు ఒకే షాపులో అయిదు పనిదినాల్లో రెండు కొంటే, టెక్సస్‌తో పాటు కాలిఫోర్నియా, ఆరిజోనా, న్యూ మెక్సికోల్లో డీలర్ ఆ సంగతి ఏటీఎఫ్‌కి (ఆయుధాల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) రాసి పంపాలి. 2011లో మొదలైన పద్ధతి ఇది. మీ కోసమే రెండు కొంటే తప్పేం లేదు. పనిలో పనిగా కొనే వస్తువు కాదిది, అందుకే చెప్తున్నాను.

ఇక బ్యాకప్ మాట. పోయిన వేసవిలో ఒక చిన్న పోటీకి వెళ్లాను. పొద్దున్న పదకొండు అయ్యేసరికే రేకుల షెడ్డు కింద ఒళ్లు కాలిపోతోంది. మూడో రౌండు మధ్యలో నా కార్బైన్ ఆగిపోయింది. పేలిన ఖాళీ షెల్ లోపలే ఇరుక్కుంది. మ్యాగజైన్ (తూటాలు నింపి గన్‌కి తగిలించే పెట్టె) తీసి, బోల్ట్ (తూటాని లోపలికి తోసే ఇనప భాగం) వెనక్కి లాగి చూస్తే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం విరిగిపోయి ఉంది. ఖాళీ షెల్‌ని పట్టి బయటికి లాగే ముక్క అది. విరిగిన తునక బియ్యపు గింజంత కూడా లేదు. పక్క బెంచీ మీదున్న ఒక పెద్దాయన చూసి లేచి వచ్చారు. పిప్పరమెంట్ల రేకు డబ్బా తెరిచారు. అందులో స్ప్రింగులు, పిన్నులు, ఫైరింగ్ పిన్, ఎక్స్‌ట్రాక్టర్, అన్నీ చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో వేరువేరుగా ఉన్నాయి. ఆయనదీ నాదీ ఒకే మోడల్. పది నిమిషాల్లో మార్చి నా చేతికిచ్చారు. ఆ డబ్బా మొత్తం ఖరీదు రెండో రైఫిల్ ధరలో పదో వంతు కూడా ఉండదు. ఆ మర్నాడే అలాంటి డబ్బా ఒకటి నేనూ కట్టుకున్నాను.

కాబట్టి మీ మొదటి బ్యాకప్ ఆ డబ్బా. దాంతో పాటు నాలుగైదు మంచి మ్యాగజైన్లు. గన్ ఆగిపోయిందని నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందిది నిజానికి మ్యాగజైన్ సమస్యే. తూటాని పట్టి ఉంచే పైఅంచులు వంగిపోయి ఉంటాయి, లేదా స్ప్రింగ్ సడలి ఉంటుంది. అందుకే మ్యాగజైన్ల మీద మార్కర్‌తో నంబర్లు వేసుకోండి. ఏ నంబరు దగ్గర ఆగుతోందో రెండు మూడు సార్లలోనే తెలిసిపోతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా రెండోది కావాలనిపిస్తే, అది తప్పని నేననను. రిపేరుకి పంపితే వారాల తరబడి చేతిలో ఏమీ ఉండకపోవడం నిజమైన ఇబ్బందే. కానీ కొంటే అదే మోడల్ ఇంకోటి కొనండి. సబ్ 2000 మంచిదే, తేలిక, మడిస్తే పదహారు అంగుళాలు. అయితే మీ రూగర్‌కి మ్యాగజైన్ ట్రిగ్గర్ ముందు పెడతారు, సబ్ 2000కి చేత్తో పట్టుకునే పిడిలోకి దూరుస్తారు. రూగర్‌కి బోల్ట్ లాగే హ్యాండిల్ పక్కన ఉంటుంది, సబ్ 2000కి వెనకవైపు భుజానికి ఆనించే గొట్టం కింద ఉంటుంది. రేంజ్‌లో పట్టపగలు ఈ తేడా ఏమంత అనిపించదు. అర్ధరాత్రి నిద్రలో లేచినప్పుడు చెయ్యి రెండేళ్లుగా అలవాటైన చోటికే పోతుంది, అక్కడ ఏమీ ఉండదు. అదే మోడల్ అయితే మ్యాగజైన్లు, విడిభాగాలు, చేతి అలవాటు, అన్నీ రెండింటికీ ఒకటే. ఒకవేళ సబ్ 2000 మీదే మనసుంటే గ్లాక్ మ్యాగజైన్ పట్టే రకం తీసుకోండి. మీ రూగర్‌లో కూడా మ్యాగ్‌వెల్ (మ్యాగజైన్ దూర్చే భాగం) మారిస్తే గ్లాక్ మ్యాగజైన్లు పడతాయి. ఏది కొన్నా బ్యారెల్‌ని 16 అంగుళాల కన్నా పొట్టి చేసే ఆలోచన పెట్టుకోవద్దు. దానికి వేరే రిజిస్ట్రేషన్ కావాలి, లేకుంటే అదో కేసు.

కారు డిక్కీ మాత్రం అస్సలు వద్దు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అద్దాలు పగలగొట్టేవాళ్లు వెతికేది లాప్‌టాప్‌ల కోసమే కాదు. మీ గన్ ఎవరి చేతిలో తేలుతుందో మీకు తెలియదు.

పిల్లల సంగతి చెప్పి ముగిస్తాను. పల్నాడులో మా తాతయ్యకి లైసెన్సున్న డబుల్ బ్యారెల్ ఉండేది. ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవారు. మిగతా రోజుల్లో నూనె గుడ్డ చుట్టి బీరువాలో ఉంచేవారు. తూటాలు మాత్రం వేరే ట్రంకుపెట్టెలో, దాని తాళంచెవి నానమ్మ బొడ్లో. తాతయ్య అడిగినా ఎందుకో చెప్తేనే ఇచ్చేది. మనవలం పదిమందిమి ఆ ఇంట్లోనే పెరిగాం, ఒక్కరం కూడా దాన్ని ముట్టుకోలేదు. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేయడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, రెండో రైఫిల్ అంటే మీ బాబుకి కుతూహలం పుట్టించే వస్తువు ఇంకోటి ఇంట్లోకి రావడమే. రెండూ పట్టే స్టీల్ సేఫ్ ముందు కొని, గోడకీ నేలకీ బోల్టులు వేయించండి. తూటాలకి వేరే తాళం. సేఫ్ నంబరు మీకూ మీ ఆవిడకీ తప్ప ఎవరికీ తెలియకూడదు. బాబు పుట్టినరోజు పెట్టకండి, తొమ్మిదేళ్లవాడు మొదట నొక్కి చూసేది అదే.