గడ్డ గట్టిపడింది, ఆముదం కాపడంతో మెత్తబడుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. మాది గాజువాక. 3 నెలల క్రితం ఎడమ రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. ఈమధ్య బాగా గట్టిపడింది, ఆ చోట చర్మం కాస్త లోపలికి లాగినట్టుంది. గడ్డ గట్టిదనాన్ని కొలిచే ఎలాస్టోగ్రఫీ స్కాన్‌లో 'హార్డ్' అని రాశారు. అంటే క్యాన్సర్ ముదిరినట్టేనా? ఆముదంతో కాపడం పెడుతున్నాను, మెత్తబడుతుందా?

సమాధానం: అమ్మా, మీరు గట్టిదనం గురించి అడిగారు. నాకు టెన్షన్ పెట్టింది చర్మం లోపలికి లాగినట్టుందన్న మాట. చూడకుండా ఇది క్యాన్సరని చెప్పను, కాదనీ చెప్పను. ఈ వారంలోనే సర్జన్‌కు చూపించండి.

క్యాన్సర్ పెరిగేచోట కణజాలాన్ని అల్లే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులను ఎక్కువగా తయారుచేస్తాయి. లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ వాటిని ఒకదానితో ఒకటి బిగిస్తుంది. గడ్డ చేతికి గట్టిగా తగిలేది అందుకే. రొమ్మును పట్టి ఉంచే బంధనాలు కూడా అలా కుంచించుకుపోతే పైన చర్మం సొట్టపడుతుంది. ఆ బిగువు వల్ల క్యాన్సర్ కణాలు ఇంకా చురుగ్గా పెరుగుతాయి. చిత్రమేమిటంటే, గడ్డ గట్టిగా ఉన్నా లోపలి క్యాన్సర్ కణాలు చాలావరకు మామూలు కణాలకంటే మెత్తన. ఇరుకు సందుల్లోంచి దూరి రక్తంలోకి, లింఫ్ అనే శరీర ద్రవంలోకి చేరడానికి ఆ మెత్తదనమే వాటికి పనికొస్తుంది.

కాబట్టి గట్టిదనాన్ని బట్టి స్టేజి చెప్పలేం. గడ్డ సైజు, చంకలోని గ్రంథులు, వేరేచోటికి పాకిందా అన్నవి చూడాలి. స్కాన్‌లో 'హార్డ్' అన్నంతమాత్రాన క్యాన్సరే కానక్కర్లేదు; కాల్షియం చేరిన ఫైబ్రోఎడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) కూడా గట్టిగానే ఉంటుంది. జిగురు పదార్థం నిండిన మ్యూసినస్ రకం క్యాన్సర్ మెత్తగా ఉండొచ్చు. తేల్చేది మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), కోర్ నీడిల్ బయాప్సీ (సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష). సూది గుచ్చితే పాకిపోతుందన్న భయంతో పరీక్ష వాయిదా వేయకండి.

ఇక ఆముదం. చర్మం మీద రాసిన నూనె లోపలి కొల్లాజెన్‌ను కరిగించదు. కాపడం, రుద్దడం ఈరోజే ఆపండి. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్స్ వాడటం కూడా వద్దు. నొప్పి లేదని ధైర్యపడి 3 నెలలు ఆగారు చూడండి, కోపం వచ్చేది అక్కడే. రొమ్ము క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి ఉండదమ్మా. చేతికి గడ్డ తగిలిన వారంలోనే రావాల్సింది.

మీకు దగ్గరలోనే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది. స్కాన్ ఫిల్ములు వెంట తీసుకెళ్లండి. మీ అమ్మగారికి, అక్కచెల్లెళ్లకు రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి.