పెరట్లో హాట్ టబ్ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: హనుమకొండలో 200 గజాల జాగాలో మా ఇల్లు ఉంది. వెనుక 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న పెరట్లో ఒక జామచెట్టు, ఒక మూలన బోరు ఉన్నాయి. వీధి నుంచి అక్కడికి రావడానికి ఇంటి పక్కనున్న మూడడుగుల సందు తప్ప వేరే దారి లేదు. నేను, మావారు, ఇద్దరు పిల్లలు వాడుకునేలా హాట్ టబ్ (వేడినీళ్లలో కూర్చునే పెద్ద తొట్టి) కొందామనుకుంటున్నాం. గట్టి ప్లాస్టిక్‌తో చేసే అక్రిలిక్ టబ్ తీసుకోవాలా, గాలి నింపేది తీసుకోవాలా? కరెంటు ఎంత కాలుతుంది?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: టబ్‌కు నీళ్లు చిమ్మే జెట్లు ఎన్ని ఉన్నాయో చూడడానికి ముందు మీ సందును టేపుతో కొలవండి. నలుగురు కూర్చునే అక్రిలిక్ టబ్ సాధారణంగా ఆరు, ఆరున్నర అడుగుల చదరంగా, రెండున్నర నుంచి మూడు అడుగుల ఎత్తుతో ఉంటుంది కాబట్టి, దానిని పక్కకు నిలబెట్టి తోసుకుంటూ తీసుకెళ్లినా మూడడుగుల సందులో చేతులు పెట్టే చోటు మిగలదు. పైగా మన ఇళ్ల సందులలో ఏసీ బయటి యూనిట్, వాననీటి పైపు, కిటికీ మీద సజ్జ ఏదో ఒకటి అడ్డుగా ఉండనే ఉంటుంది. క్రేనుతో ఇంటి మీదుగా దింపుతామని అమ్మేవారు చెప్పవచ్చు గాని, వీధిలో కరెంటు తీగలు ఉన్నచోట ఆ పనికి ఒప్పుకోకండి. ఈ ఒక్క కారణం చాలు, మీ ఇంటికి గాలి నింపే టబ్బే సరిపోతుందని చెప్పడానికి. మడిస్తే ఇద్దరు మోసుకెళ్లగలిగేంతే అవుతుంది, ధర కూడా అక్రిలిక్ టబ్ ధరలో చిన్న భాగమే. నలుగురికని రాసిన టబ్‌లో ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కాళ్లు ముడుచుకుని కూర్చోగలరు, అంతకు మించి ఆశించకండి.

టబ్ ఏదైనా అడుగు గట్టిగా ఉండాలి. వెయ్యి లీటర్ల నీళ్లంటే వెయ్యి కిలోలు. మనుషులు, టబ్ బరువు కలిపితే ఒకటిన్నర టన్నుల దాకా పోవచ్చు. మీది చెల్క నేల అయితే కొంత మేలే. నల్లరేగడి అయితే వానాకాలం ఉబ్బి, ఎండాకాలం నెర్రెలు విచ్చి పైనున్న దానిని పగలగొడుతుంది. అందువల్ల పై మట్టిని తీసివేసి, మొరం పోసి బాగా దిమ్మిస కొట్టించి, దాని మీద ఇనుప జాలీ పరిచి కనీసం నాలుగు అంగుళాల కాంక్రీటు వేయించండి. నీరు నిలవకుండా ఒకవైపుకు కొద్దిగా వాటం పెట్టమని మేస్త్రీకి ముందే చెప్పండి. 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ వరంగల్, హనుమకొండ కాలనీలలోకి నీళ్లు వచ్చిన సంగతి మీరు మరచి ఉండరు. టబ్ మోటారు, హీటరు నేల మట్టానికే ఉంటాయి కనుక మీ కాలనీ లోతట్టున ఉంటే ఆ దిమ్మెను మరో అడుగు ఎత్తు చేయించడం మంచిది. టబ్ చుట్టూ నున్నటి గ్రానైటు వద్దు, తడికాలితో జారుతుంది. గరుకుగా ఉన్న తాండూరు బండలు పరిపించుకోండి. మోటారు వైపు మనిషి కూర్చుని రిపేరు చేయడానికి రెండు, మూడు అడుగుల జాగా వదలాలి.

కరెంటు లెక్క సులభమే. వెయ్యి లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 38 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 15 యూనిట్లు కావాలి. రెండు కిలోవాట్ల హీటరు ఈ పని చేయడానికి ఎనిమిది గంటలు తీసుకుంటుంది, బయట చలిగా ఉంటే ఇంకా ఎక్కువ. అంటే ఆదివారం సాయంత్రం దిగాలంటే ఉదయమే స్విచ్ వేయాలి. నీళ్లను ఎప్పుడూ వేడిగానే ఉంచితే కరెంటు తక్కువ కాలుతుందని కొందరు అంటారు గాని అది నిజం కాదు. వారానికి ఒకటి రెండుసార్లు దిగేవారు అవసరమైన రోజునే వేడి చేసుకోవడం చవక. యూనిట్లు పెరిగే కొద్దీ పై స్లాబు రేటు పడుతుందన్నది కూడా లెక్కలో పెట్టుకోండి. బిల్లు మీద ఉన్న కాంట్రాక్టు లోడు (మీ ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) చూసుకుని, తక్కువ అనిపిస్తే ముందే పెంచమని విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టాలి. టబ్‌కు వేరే లైను, మంచి ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మాత్రం ఎప్పుడూ నడపకండి. స్విచ్ టబ్‌లో కూర్చున్న మనిషి చేతికి అందనంత దూరంలో ఉండాలి.

ఇక నీళ్లు. మీ గీజరు రాడ్డును ఎప్పుడైనా బయటికి తీయించి ఉంటే దాని మీద తెల్లగా పేరుకున్న పెచ్చులు చూసే ఉంటారు. బోరు నీళ్లలోని కాల్షియం వేడి తగలగానే అలాగే టబ్ హీటరుకూ పడుతుంది, పైపుల లోపలా పడుతుంది. ముందుగా నీటి కాఠిన్యం పరీక్ష చేయించండి; టబ్‌కు 150 నుంచి 250 పీపీఎం (పది లక్షల భాగాలలో ఎన్ని భాగాలో చెప్పే కొలత) మధ్య ఉంటే మంచిది. అంతకంటే చాలా ఎక్కువ వస్తే కాల్షియం తక్కువున్న మెత్తని నీళ్లు కలిపి నింపాలి. నీరు వేడిగా ఉండడం వల్ల క్లోరిన్ త్వరగా తగ్గిపోతుంది, ఆ వెచ్చదనంలోనే లెజియోనెల్లా, సూడోమోనాస్ వంటి బాక్టీరియా పెరుగుతుంది. మొదటిది ఊపిరితిత్తులకు ప్రమాదం, రెండోది చర్మంపై ఎర్రటి పొక్కులు తెస్తుంది. కాబట్టి దిగే ప్రతిసారీ పరీక్ష పట్టీ ముంచి, క్లోరిన్ కనీసం 3 పీపీఎం, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉన్నాయని చూసుకోవాలి. ఈత కొలనులలో వేసే, సయనూరిక్ ఆమ్లం కలిసిన బిళ్లలు దీనికి తగవు. సబ్బుతో స్నానం చేసి, ఒంటి నూనె పోగొట్టుకున్నాకే దిగాలి. నెత్తికి నూనె రాసుకుని దిగితే నీళ్ల మీద నురగ, ఫిల్టరుకు జిడ్డు. మూడు, నాలుగు నెలలకు ఒకసారి నీళ్లు పూర్తిగా మార్చాలి. మూత తీసి రెండు, మూడు రోజులు ఉంచి, క్లోరిన్ పోయిందని పట్టీతో చూసుకున్న తరువాత ఆ నీటిని ఇంకుడు గుంతకో చెట్లకో వదలవచ్చు.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది. మన దగ్గర వేడినీళ్ల టబ్ హాయిగా అనిపించేది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే. మేలో 42, 43 డిగ్రీల ఎండలో మూత వేసిన టబ్, హీటరు ఆపి ఉంచినా మోటారు వేడితోనూ ఎండతోనూ తానే కాగుతుంది, దానిని చల్లబరచడమే పనవుతుంది. నా సలహా అడిగితే, మార్చిలో ఖాళీ చేసి, ఆరబెట్టి, మడిచి లోపల పెట్టుకోండి. ఆ రకంగా వాననీరు నిలిచి దోమలు పెరిగే బాధా తప్పుతుంది. వాడే నెలల్లో కూడా జామచెట్టు కింద వద్దు. ఆకులు ఫిల్టరులో పడడం ఒక ఎత్తు, కాయల కోసం వచ్చే కోతులు మరొక ఎత్తు: మూత అంచు పట్టి పీకితే స్పాంజి బయటికి వస్తుంది, గోరు దిగితే గాలి టబ్ పంక్చరే. కోతులు రాకుండా ఇనుప జాలీ కట్టించలేకపోతే టబ్ కొనే ఆలోచనే మానుకోమంటాను. మూతకు తాళం ఉండాలి; ఐదేళ్ల లోపు పిల్లలను దించకూడదు, అంతకంటే పెద్ద పిల్లలైతే నీళ్లు 36 డిగ్రీలకు మించకుండా, ఐదు పది నిమిషాలు, పెద్దవాళ్ల కళ్ల ముందే.

ప్రశ్న: మాకు పెరడు లేదు. డాబా మీద పెట్టుకోవచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇంజనీరు రాసి ఇవ్వనిదే పెట్టవద్దు. మనుషులు తిరిగే డాబాకు, భవనాల మీద పడే బరువులకు సంబంధించిన ఐఎస్ 875 అనే భారత ప్రమాణం ప్రకారం లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. ఆరున్నర అడుగుల చదరపు టబ్ నీళ్లతో, మనుషులతో కలిపి చదరపు మీటరుకు దాదాపు 380 కిలోలు మోపుతుంది. పాత ఇల్లయితే అసలే వద్దు.

ప్రశ్న: మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, బీపీ ఉన్నాయి. టబ్‌లో కూర్చోబెడితే మేలు చేస్తుందా?
- ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: వెచ్చని నీళ్లు కీళ్ల బిగువును కొంత సడలిస్తాయి, నీటిలో ఒంటి బరువు మోకాళ్ల మీద పడదు. కాని వేడికి రక్తనాళాలు వెడల్పై బీపీ పడిపోతుంది. బీపీ మాత్రలు వాడేవారికి లేచేటప్పుడు కళ్లు తిరిగే ప్రమాదం ఉంది. ముందు డాక్టరును అడగండి. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు కూడా అడగకుండా దిగకూడదు. అనుమతిస్తే నీటిని 37 డిగ్రీలు దాటనీయక, పది నిమిషాలకే లేపండి. పెద్దవారికి టబ్ గట్టు దాటడమే కష్టం కనుక మెట్టు, పట్టుకునే కడ్డీ రెండూ బిగించి, దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఒకరు చేయి పట్టుకోవాలి.